ఆ సీరియల్లో లేని వాక్యం

దయ్యాల సంగతి ఎత్తితే నవ్వేసే మనిషిని నేను. మా అమ్మమ్మ రోజుల్లో మా పేటలో దయ్యాలు వదిలించే ప్రార్థనలు జరిగేవట గానీ, నాకు ఊహ తెలిశాక ఒక్క దయ్యం కూడా మా గడప తొక్కిన పాపాన పోలేదు. పీడకల వస్తే రాత్రి తిన్న వంకాయ కూరని తిట్టుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. టీచరు ఉద్యోగంలో పిల్లల లెక్కల పేపర్లు చూసి భయపడ్డానేమో గానీ, చీకటిని చూసి ఏనాడూ భయపడలేదు.

ఈ మధ్య ఒక పాత నవల మళ్లీ పుస్తకంగా వచ్చింది. పేరు చెప్పను. చదివినవాళ్లంతా తలో మాటా అంటున్నారు. కొందరికి లైటు ఆర్పి పడుకోవాలంటే భయమేసిందట. కొందరికి ముగింపు నచ్చలేదట. ఇందులో రాసిందంతా నిజమేనని, పైకి చెప్పలేక కథగా రాశారని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇన్ని అభిప్రాయాలు విన్నాక నాదీ ఒకటి చెప్పాలనిపించింది. అయితే నాది నవల బాగోగుల గురించి కాదు. అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో మాకు జరిగిన దాని గురించి.

తొంభైల చివర్లో సంగతి. మా ఆయన రైల్వేలో సిగ్నళ్లు చూసే ఉద్యోగి. అరకు వెళ్లే లైనులో, టైడా దాటాక ఒక చిన్న స్టేషన్‌కి బదిలీ చేశారు. చుట్టూ కొండలు, కాఫీ తోటలు, నాలుగు క్వార్టర్లు. మిషను వాళ్ల చిన్న బడి ఒకటుంటే నేను అందులో చేరాను. మా జెస్సీ అప్పుడు ఒకటో తరగతి.

మాది బాపట్ల వైపు. మాకు గుంట అంటే గొయ్యి, నీళ్లు నిలిచే పల్లం. అక్కడ గుంట అంటే ఆడపిల్ల. ఈ సంగతి తెలియక వెళ్లిన కొత్తలోనే ఒక గొడవ చేశాను. మా బడి ఆయా సన్యాసమ్మ జెస్సీ బుగ్గ పుణికి, "మీ గుంట సక్కగుంది టీచరమ్మా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లని పట్టుకుని గుంట అంటావేంటని కేకలేశాను. పాపం, ఆవిడ బిత్తరపోయింది. తర్వాత దావీదు మాస్టారు నవ్వాపుకుంటూ అర్థం చెప్పారు.

దావీదు మాస్టారు మా హెడ్మాస్టరు, సాలూరు మనిషి. ఆదివారం ప్రార్థనలో బైబిలు వాక్యం చదివేదీ ఆయనే. జెస్సీకి మాత్రం ఏ అర్థాలూ చెప్పాల్సిన పని లేకపోయింది. నెల తిరక్కుండానే ఏంటికి ఏటి, త్వరగాకి బేగి అంటూ బళ్లో పిల్లలతో కలిసిపోయింది. ఇంట్లో ఆ మాటలు మాట్లాడితే ఊరుకోనని నేనే కట్టడి చేశాను. చుట్టాల్లో నవ్వులపాలవుతామని నా భయం.

మాకు వారపత్రిక పాసింజరు బండిలో వచ్చేది. శనివారం బడి అయ్యాక వరండాలో కూర్చుని సీరియల్ చదువుకోవడం ఒక అలవాటైపోయింది. చదివేది మాస్టారు. వినేది నేను, స్టేషన్ మాస్టారి భార్య లలిత గారు, సన్యాసమ్మ. చదువు రాకపోయినా అందరికంటే శ్రద్ధగా వినేది సన్యాసమ్మే.

కథలో నలుగురు మిత్రులు. ప్రతిదాని వెనకా ఏదో కుట్ర ఉందని నమ్మే రకం. కరెంటు పోతే ఒక కుట్ర, రైలు ఆలస్యమైతే ఇంకో కుట్ర. కొండల్లో రైలు లైను వేసేటప్పుడు ఇంజనీర్లకి ఒక గుంట కనబడిందని, అందులోంచి మనుషుల్ని పేరు పెట్టి పిలిచే గొంతు వినిపించేదని, దాన్ని మూసేసి సంగతి బయటికి పొక్కకుండా తొక్కిపెట్టారని వాళ్ల అనుమానం. వెతుక్కుంటూ కొండలెక్కుతారు. ఒక్కొక్కరే మాయమైపోతుంటారు.

చదవడం పూర్తయ్యాక అభిప్రాయాలు మొదలయ్యేవి. మాస్టారికి అది కథ కాదు. ఆ గుంట మన లైను పక్కనే ఎక్కడో ఉందని ఆయన నమ్మకం. సొరంగంలోంచి వచ్చే బండి కూత ఒక్కోరోజు ఒక్కోలా వినబడుతుందని, దానికి కారణం ఉందని అనేవారు. లలిత గారికి ఆ నలుగురిలో కళ్లజోడు అబ్బాయి బతికితే చాలు. నా గొడవంతా వేరు. ఈ నలుగురూ ఉద్యోగం సద్యోగం లేకుండా ఇన్నిసార్లు రైలెక్కడానికి డబ్బులెక్కడివని నా ప్రశ్న. ఇక సీరియల్లో సిగ్నళ్లన్నీ తప్పుల తడకని మా ఆయన రెండో వారమే వినడం మానేశారు.

సన్యాసమ్మ అభిప్రాయం ఒక్కటే, వారం వారం అదే. "ఆ గుంట ఎవలి గుంటండి? అమ్మా అయ్యా లేరేటి? అందరూ ఎతుకుతన్నారు గానీ పేరెట్టి ఒక్కలూ పిలవరేటి?"

మొదటిసారి మేం ముగ్గురం పడీపడీ నవ్వాం. ఇది ఆ గుంట కాదు, గొయ్యి అని చెప్పాను. సరేనని తలూపేది. మళ్లీ శనివారం, గుంటని మూసేశారు అని మాస్టారు చదవగానే కొంగు నోట్లో కుక్కుకునేది. రాసినాయనది మీ వైపు ఊరేమో టీచరమ్మా, మా వైపు ఊరేమో ఎలా తెలుస్తుంది అని ఒకసారి అడిగింది.

ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చెప్తాను. ఆగస్టు నెల. ఆ శనివారం ముసురు. మాస్టారు చదువుతూ చదువుతూ ఒక చోట గొంతు తగ్గించి ఇలా చదివారు. "గుంట ఇంకా అక్కడే ఉంది. పైన రేకు కప్పి ఉంది. వాన ఆగలేదు."

సన్యాసమ్మ గబుక్కున లేచి నిలబడింది. రేకు కింద గుంటని ఎందుకు దాచారండి అంటూ దాదాపు ఏడ్చేసింది. నేను చేయి పట్టుకుని కూర్చోబెట్టి, గుంట అంటే గొయ్యి అని మళ్లీ పాఠం చెప్పాను. లలిత గారు నవ్వారు. మాస్టారు విసుక్కుని పేజీ తిప్పారు. ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ వాక్యం నేను విన్నాను. నా రెండు చెవులతో విన్నాను. వినకపోతే పాఠం చెప్పేదాన్నే కాదు.

మా బడి వెనక ప్రార్థన మందిరం కట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. పనికి నీళ్లు నిలవ ఉంచడానికి అక్కడ ఒక గొయ్యి తవ్వి లోపల సిమెంటు పూశారు. ఆ శనివారం నాటికి దాని మీద ఏ మూతా లేదు. సోమవారం ఎవరిదో మేకపిల్ల అందులో పడితే, పిల్లలు కూడా పడతారని భయపడి మాస్టారే ఒక రేకు తెచ్చి కప్పించి, అంచుల మీద రాళ్లు పెట్టించారు. ఇది చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు నాకు సీరియల్ గుర్తుకు రాలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం జెస్సీ కనబడలేదు.

బడి వదిలాక పిల్ల ఇంటికి వచ్చేసి ఉంటుందని నేను, నాతోనే ఉందని ఇంటి దగ్గర మా ఆయన అనుకున్నాం. వాన దంచేస్తోంది. ముందు క్వార్టర్లన్నీ చూశాం. తర్వాత స్టేషను. తర్వాత కొండవాగు, అదే గెడ్డ, దాని ఒడ్డు. వానకి గెడ్డ ఎర్రగా పొంగి పోతోంది. ఆ ఒడ్డు వెంట పిల్లని పిలుస్తూ పరిగెత్తాను.

ఇంతలో ఎవరో జీపు మాట ఎత్తారు. పొద్దున ఒక జీపు వచ్చి బడి ముందు ఆగిందని, అందులో కొత్తవాళ్లున్నారని, పిల్లలకి బిస్కెట్లు ఇచ్చారని. అంతే. మాస్టారు అన్నీ అతికించేశారు. పోయిన నెల క్వార్టర్ల ఫోటోలు తీసినవాళ్లు, మొన్న లైను వెంట తిరిగినవాళ్లు, ఈ జీపువాళ్లు, అందరూ ఒకటేనన్నారు. "ఇది మామూలు విషయం కాదు సిస్టర్, దీని వెనకాల చాలా పెద్ద చేతులున్నాయి" అన్నారు. మామూలు రోజైతే నవ్వేదాన్ని. ఆ రోజు ప్రతి ముక్కా నమ్మాను. నమ్మడానికి ఏదో ఒకటి కావాలి అప్పుడు. పిల్ల జీపులో ఉందంటే బతికే ఉన్నట్టు కదా.

మాస్టారు ఒక లారీ ఎక్కి ఘాట్ రోడ్డు కిందికి, చెక్ గేటు దగ్గర జీపుని ఆపడానికి వెళ్లారు. ఆ జీపువాళ్లు కుక్కర్లు అమ్ముకునేవాళ్లని తర్వాత తెలిసింది.

నేను రోడ్డు మీద నిలబడి వచ్చేపోయే బళ్లన్నీ ఆపుతున్నాను. అప్పుడు సన్యాసమ్మ కనబడింది. కోళ్ల గూడు మీద రేకు ఎత్తి చూస్తోంది. దాన్ని వదిలేసి కట్టెల పాక దగ్గరికి పోయి అక్కడి రేకు ఎత్తింది. నాకు పిచ్చి కోపం వచ్చింది. పిల్ల పోయిందని అందరూ చస్తుంటే కోళ్ల గూళ్లు వెతుకుతావేంటని అరిచాను.

ఆవిడ తిరిగి చూడకుండానే అంది. "రేకు కింద గుంట ఉందని మాస్టారు సదివేరు కదా టీచరమ్మా. వానొస్తందని కూడా సదివేరు."

నాకు గుర్తొచ్చింది సీరియల్ కాదు. సోమవారం కప్పిన రేకు గుర్తొచ్చింది. ఇద్దరం పరిగెత్తాం. ఆ బురదలో ఎన్నిసార్లు పడ్డానో తెలీదు. పడినప్పుడల్లా ఒకటే ప్రార్థన చేశాను, ప్రభువా ఆ రేకు కింద ఏమీ ఉండకూడదని ఒకసారి, ఉండాలని ఒకసారి.

అంచు మీది రాయి ఒకటి పక్కకి దొర్లి ఉంది. రేకు మాత్రం మూసే ఉంది. సన్యాసమ్మ రేకు లాగేసింది. లోపల జెస్సీ.

మెడ దాకా నీళ్లలో ఉంది. తల పైకి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఏడవడం లేదు. అరిచి అరిచి గొంతు పోయింది, రేకు మీద వాన చప్పుడుకి ఎవరికీ వినబడలేదు. రేకు మీద నిలబడితే ఒక పక్కకి ఒరిగి, పిల్ల జారి, రేకు మళ్లీ తన చోటికి వచ్చేసినట్టుంది.

నా కేక విని మా ఆయన పరిగెత్తుకొచ్చి లోపలికి దిగారు. ఎత్తి అందిస్తే నేను లాక్కుని గుండెకి అదుముకున్నాను. అప్పుడు ఏడ్చాను. నాతో పాటు సన్యాసమ్మ కూడా అక్కడే బురదలో చతికిలబడి ఏడ్చింది.

మా ఆయన మాత్రం వెంటనే పైకి రాలేదు. అలాగే నీళ్లలో నిలబడి చుట్టూ చూసుకుంటున్నారు. ఆయన పొడుగు మనిషి. నీళ్లు ఆయన రొమ్ము దాటాయి. జెస్సీ నిలబడితే ఆయన నడుము దాటి ఉండదు. గోడలు నున్నటి సిమెంటు, పట్టుకోవడానికి ఒక పగులు కూడా లేదు. మెట్టు లేదు, రాయి లేదు. కాళ్లతో అంతా తడిమి చూశారట, అడుగున బురద తప్ప ఏమీ తగల్లేదు. పిల్లకి ఈత రాదు. మరి తల పైకి ఎలా ఉంది? ఆ రాత్రి ఆయన అడిగితే, దేవుడు కాపాడాడండీ అని ఊరుకున్నాను. అప్పుడు నాకు అంతకంటే వివరం అక్కర్లేకపోయింది.

జెస్సీకి జ్వరం వచ్చింది. ఆ జ్వరంలో ఒకటే మాట. "గుంట మీద నిలబడ్డానమ్మా. గుంట మీద నిలబడ్డాను."

అవును తల్లీ, గుంట మీద నిలబడ్డావు, అందుకే పడ్డావు, ఇంకెప్పుడూ అలా నిలబడకు అని తడిగుడ్డ వేస్తూ చెప్పాను. కాదన్నట్టు తలూపి ఏడ్చింది. జ్వరం కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఆయనా, మాస్టారూ మనుషుల్ని పెట్టి ఆ గొయ్యి పూడ్పించడం మొదలుపెట్టారు. సన్యాసమ్మ రాత్రంతా మా జెస్సీ దగ్గరే కూర్చుంది. నా వెనకాలే వచ్చి, తట్టలతో రాళ్లు మోస్తున్నవాళ్లని చూసి నా చెయ్యి పట్టుకుంది. "ముందు బేగి నీరు తోడించండి టీచరమ్మా. లోపల గుంట ఉందంట కదా."

"గుంట ఉందనే కదా పూడుస్తున్నాం" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి అదోలా చూసింది. చెయ్యి వదిలేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత శనివారం చదువులకి ఎప్పుడూ రాలేదు. పూడ్చిన చోట అప్పుడప్పుడు రెండు మట్టిగాజులు కనబడేవి. సన్యాసమ్మ వాళ్ల ఆచారమేమోలే అనుకున్నాను.

పిల్ల కోలుకున్నాక ఆ వారపత్రిక తీసి చూశాను. సన్యాసమ్మకి ఆ వాక్యం చూపించి దండం పెట్టాలని నా ఉద్దేశం. చూస్తే అందులో ఆ వాక్యం లేదు. ముందు వారం సంచికలో లేదు, వెనక వారంలో లేదు. ఆ కథలో గుంటని కాంక్రీటుతో మూస్తారు. రేకు మాటే రాదు. పైగా కథంతా మండుటెండల్లో జరుగుతుంది. వాన చుక్క లేదు.

మాస్టారికి అక్కడక్కడ సొంత మసాలా వేసి చదివే అలవాటుంది. ఆయన్నే అడిగాను. బైబిలు మీద చెయ్యేసి, అచ్చులో ఉన్నదే చదివానన్నారు. ఆ వాక్యం తను చదివినట్టు గుర్తే లేదన్నారు. లలిత గారికి గుర్తుంది. నేను సన్యాసమ్మకి పాఠం చెప్పడం, తను నవ్వడం అన్నీ గుర్తున్నాయి. సరే, మాస్టారే కల్పించి మర్చిపోయారనుకుందాం. శనివారం నాటికి లేని రేకు ఆయన నోటికెలా వచ్చింది? ఇక్కడిదాకా వచ్చి నా బుర్ర ఆగిపోయేది. కాకతాళీయం అని పేరు పెట్టి పక్కన పడేశాను. మనసులో మాత్రం ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత మాకు విశాఖ బదిలీ అయింది. జెస్సీ ఇంటర్‌లోకి వచ్చింది. అదిగో, అప్పుడే ఆ సీరియల్ మొదటిసారి పుస్తకంగా వచ్చింది. స్నేహితురాలి దగ్గర తెచ్చుకుని సెలవు రోజున ఏకబిగిన చదివేసింది. నేను చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నాను. ఎలా ఉందే అని అడిగాను.

"ఏం బాలేదమ్మా. గుంట గుంట అని ఊరించి, ఎంతసేపూ గొయ్యి గురించే రాశాడు. నా గుంట ఎక్కడా లేదు."

"నీ గుంట ఏంటే?"

"నేను నిలబడ్డ గుంట."

"ఆ గొయ్యా?"

"గొయ్యి కాదమ్మా. గోతిలో ఉన్న గుంట. నేను నిలబడింది దాని భుజాల మీదే కదా. నీకు అప్పుడే చెప్పాను."

ఆటపట్టిస్తోందేమోనని మొహం చూశాను. లేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్తున్నట్టు మామూలుగా ఉంది. నేను అడిగిన కొద్దీ చెప్పింది. ముందు మునిగిపోయిందట. నోట్లోకి నీళ్లు పోయాయట. కింద నుంచి ఎవరో పైకెత్తారట. తనకంటే పెద్ద పిల్లేనట. కదిలినప్పుడల్లా జుట్టు కాళ్లకి తగిలేదట.

మొహం ఎలా ఉంది అని అడిగాను.

"పైన నేనున్నాను కదమ్మా, ఎలా కనబడుతుంది? పాపం ఊపిరెలా పీలుస్తోందో అనుకునేదాన్ని." పుస్తకం మూసి, "నాన్న నన్ను ఎత్తేటప్పుడు నా మడమ పట్టుకుంది. గట్టిగా కాదు. తర్వాత తననీ తీస్తారనుకుందేమో, వదిలేసింది" అంది.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. నీళ్లలోంచి ఎత్తినప్పుడు పిల్ల తను అనుకున్నదానికంటే తేలిగ్గా పైకి వచ్చిందని మాత్రం అన్నారు. ఆ మాట ఇన్నేళ్లూ నాతో ఎందుకు చెప్పలేదో నేను అడగలేదు.

గాలి ఆడక పసి మెదడు ఏదో కల్పించుకుందని ఒక డాక్టరు గారు అన్నారు. అయి ఉండొచ్చు. అదే నమ్మాలని నాకూ ఉంది. కానీ కల్పించుకున్న దాని మీద పిల్ల ఎలా నిలబడగలదు? మా ఆయన కాలికి ఎవరూ తగల్లేదు, అదీ నిజమే. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు ఈనాటికీ తెలియడం లేదు. సన్యాసమ్మకి ఏం అర్థమైందో అడుగుదామని కబురు పెడితే, ఆవిడ చనిపోయిందని తెలిసింది.

ఆ గోతిలో ఎవరున్నారో, అసలున్నారో లేదో నాకు తెలీదు. నా కూతురు బతికింది, అది తెలుసు. ఆ మర్నాడు పొద్దున తట్టతట్టకీ రాళ్లు ఆ నీళ్లలో పడుతున్న చప్పుడు వింటూ, నేను గట్టు మీద చేతులు జోడించుకుని నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్నాను.